పెన్సిల్వేనియా పల్లెలలో బార్నుల వేలములు: కర్షకగృహచరిత్రమున కాధారములు

రాజుల చరిత్రమును వ్రాయువారికి శాసనములు, తామ్రపట్టములు, నాణెములు, రాయబారుల లేఖలు నాధారములుగా నుండును. దేవాలయముల చరిత్రమునకు వాని గోడలమీఁది లిపియే సాక్ష్యము. సామాన్య కర్షకుని యింటిచరిత్రమును వ్రాయఁబూనినవానికి మాత్ర మిట్టి యాధారములు లభింపవు. కర్షకుఁడు శాసనము చెక్కింపలేదు. కావ్యమునకుఁ గృతిపతి కాలేదు. ఆతఁడు విడిచిపోయినవి యిల్లు, కొట్టము, పనిముట్లు, కొన్ని కాగితములు మాత్రమే. పనిముట్లు చేతులు మాఱును, కొట్టము కూలును, కాగితములు చెదలపాలగును. ఇట్టివానినుండి చరిత్రమును రాఁబట్టుట యెట్లను ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెన్సిల్వేనియా పల్లెల వృత్తాంతము చక్కని యుత్తర మిచ్చుచున్నది. అచ్చట వ్యవసాయక్షేత్రముల సామగ్రిని బార్ను ముంగిట బహిరంగముగా వేలము వేయు నాచారము మిక్కిలి ప్రాఁతది. ఆ వేలము ఒక కుటుంబపు చరిత్రమును నెల్లరకుఁ దెఱచి చూపును. చూపిన దినముననే దానిని నలుదెసలకుఁ జెదరఁగొట్టును. ఈ రెండు గుణములు నొకచోటఁ గూడియుండుటయే చరిత్రకారుఁడు విచారింపవలసిన విషయము.

బార్ను స్వరూపము

బార్ను అను పదమునకు సరియైన తెలుఁగుమాట లేదు. ధాన్యము నిలువచేయు గాదె, పశువులఁ గట్టు కొట్టము, పంట నూర్చు కళ్లము, గడ్డి దాఁచు వామి యనునవి తెలుఁగు పల్లెలలో వేఱువేఱు తావుల నుండును. పెన్సిల్వేనియా శీతదేశము. అచ్చట మంచు కురియు నెలలలో పశువులు బయట నిలువఁజాలవు. నూర్పిడి యారుబయట సాగదు. కావునఁ గర్షకుఁ డీ నాలుగింటిని నొకే కప్పుక్రిందికిఁ జేర్చెను. అట్లు కూర్చిన కట్టడమే బార్ను. పెక్కు క్షేత్రములందు అది నివాసగృహముకంటెఁ బెద్దదిగా నుండును.

ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసు 1681 లో విలియం పెన్నున కీ దేశమును సన్నదు మూలమున నిచ్చెను. 1682 లో నేర్పడిన మూఁడు తొలిమండలములలో బక్సు మండల మొకటి. అది ఫిలడెల్ఫియాకు నుత్తరమున డెలావేరు నది యొడ్డున నున్నది. ఇంగ్లీషు క్వేకరులును, వారి వెనుక జర్మనులును, ఐర్లండునుండి వచ్చిన స్కాటులును అచ్చటఁ గాపురము లేర్పఱచుకొనిరి. గోదుమ పండించి, పిండి పట్టించి, ఫిలడెల్ఫియా రేవునుండి వెస్టిండీసు దీవులకు నెగుమతి చేయుట పదునెనిమిదవ శతాబ్దమున నీ ప్రాంతమునకు ముఖ్యమైన జీవనాధారము. పెద్ద బార్నులు పుట్టుటకు ధాన్యసమృద్ధియుఁ గారణము.

ఈ సీమలోని బార్నును గుట్టవాలున గట్టుదురు. లోయవైపునఁ గ్రింది యంతస్తు రాతిగోడలతో నుండును. అందుఁ బశువులను, గుఱ్ఱములను గట్టుదురు. గుట్టవైపున మట్టిదిబ్బమీఁదుగా బండి నేరుగాఁ బైయంతస్తులోనికిఁ బోవును. పైన నడుమ బల్లలు పఱచిన కళ్ల ముండును. దాని కిరుప్రక్కల పనలును గడ్డియుఁ బేర్చు తావు లుండును. కళ్లమున కెదురెదురుగా నున్న తలుపులను దెఱచినచో గాలి వీచి తూర్పాఱఁబట్టుట కనుకూలించును. లోయవైపునఁ బైయంతస్తు క్రిందిగోడను దాఁటి కొన్నియడుగులు ముందునకుఁ జొచ్చుకొనివచ్చి, పశువుల వాకిళ్లకుఁ జూరువలె నీడ నిచ్చును. ఎండ తగులుటకై యా ముఖమును దఱచుగా దక్షిణమునకుఁ ద్రిప్పుదురు. ఈ నిర్మాణపద్ధతి స్విట్జర్లండు పల్లెలనుండి వలసవచ్చినవారితోఁ గూడ వచ్చినదని రాబర్టు ఎన్స్మింగరు 1992 లోఁ బ్రకటించిన తన గ్రంథమున నుపపాదించెను. ఇంటిపేరులు మాఱినను, భాష మఱచిపోయినను, కొట్టము గట్టు తీరు పూర్వుల దేశమును జెప్పుచున్నదన్నమాట.

వేలము నడచు తీరు

కర్షకుఁడు మరణించినను, అప్పులపాలైనను, ముదిమిచే సేద్యము మానినను, కౌలు ముగిసి వేఱొకచోటికిఁ దరలినను వేలము సంభవించును. పెన్సిల్వేనియా పల్లెలలో నేప్రిలు 1 వ తేది కౌలుగడువులు తీఱు దినము. భూమి కొన్నవాఁడు సొమ్ము చెల్లించు దినము. కాపురములు మార్చు దినము. అందుచే వేలములు విశేషముగా శీతకాలము కడపటి నెలలలో జరుగుచుండెడివి. దున్నుటకు నేల యింకను మెత్తపడకుండుటచే నిరుగుపొరుగువారికిని దీఱిక యుండెడిది.

వేలమునకుఁ బూర్వమే ముద్రించిన ప్రకటనపత్రములను సత్రములందును, అంగళ్లలోను నంటించెడివారు. గుఱ్ఱము లెన్ని, పాడియావు లెన్ని, బండ్లు, నాఁగళ్లు, గుఱ్ఱపుసామానులు, గింజలు, గడ్డి, మంచములు, గడియారము అని వరుసగా నందుఁ బేర్కొనెడివారు. తడవకొకటిగాఁ జెప్పి చెప్పి తుదకు 'ఇంకను నిట పేర్కొనుటకు విస్తారమైన యితర వస్తువులు' అని ముగించుట వాడుక. చరిత్రకారునికిఁ గావలసినవి తఱచుగా నా పేర్కొనఁబడని వస్తువులలోనే యుండుట గమనింపఁదగినది.

పూర్వము దీనికి వెండ్యూ అని పేరు. అమ్ముట యను నర్థముగల ఫ్రెంచి ధాతువునుండి పుట్టిన యీ మాట డచ్చివారి ద్వారమున నమెరికాలోని యాంగ్లమునఁ జేరెను. పెన్సిల్వేనియా జర్మనులు దానిని ఫెండూ అని పలికిరి. వేలముపాట నడపువాఁ డొక యెత్తైన తావున నిలిచి వస్తువును జేతఁబట్టి కేకవేయును. పాటదారులు హెచ్చించుచుఁ బోవుదురు. ఎవ్వరును హెచ్చింపనప్పుడు కడపటి పాటవానికి వస్తువు దక్కును. ప్రక్కన నొక లేఖకుఁడు వస్తువును, కొన్నవాని పేరును, ధరను వ్రాసికొనుచుండును. మంచి వస్తువు లన్నియు నమ్ముడుపోయిన పిమ్మట, ఎవ్వరికిని నక్కఱలేని ప్రాఁత సామాను కుప్పలుగా మిగులును. విఱిగిన రాట్నములు, వాడుక తప్పిన పనిముట్లు, పెట్టెల యడుగున మిగిలిన యినుపముక్కలు మొదలగు వానిని గుప్పలుగానే యొక్కొక పెన్నీకి విడిచిపెట్టెడివారు. పెన్నీ కుప్ప యను మాట యీ చరిత్రమున ముందునకు మరలవచ్చును.

న్యాయస్థానములోని పట్టికలు

వేలము ముగిసి జనము చెదరిన వెనుకను దాని నీడ కాగితముమీఁద నిలిచియుండును. గృహయజమాని మరణించినప్పుడు ఇరుగుపొరుగువారగు నిద్దఱు పెద్దమనుష్యులు వచ్చి చరాస్తిని జూచి వెలకట్టి పట్టిక వ్రాయుట యాచారము. ఆ పట్టిక మరణశాసనముతోఁ గూడ మండల కచేరిలో దాఖలగును. వేలము జరిగినచోఁ గొన్నవారి పట్టికయుఁ దఱచుగా దానితోఁ జేరును. పదునేడవ శతాబ్దాంతమునుండి యిట్టి పత్రము లా మండలములలో నిలిచియున్నవి.

వెలకట్టువారు సాధారణముగా గదివెంట గదిగా నడచి చూచినది చూచినట్లు వ్రాసికొనిరి. అందుచేఁ బట్టికలోని వస్తువుల క్రమమే యింటిలోని గదుల క్రమమును దెలుపుచున్నది. మంచములు, పడకదుప్పట్లు నొకచోట ముగిసి కుండలు, పెనములు మొదలైనచో నచ్చట వంటగది మొదలైనదని యూహింపవచ్చును. ఇల్లు కూలి నూఱేండ్లైనను, దాని గదులను, వానిలోని సామగ్రిని పట్టిక ననుసరించి మరల నమర్చుకొనవచ్చును. బార్ను విషయమును నంతియే. పనలు పేర్చినచోట నెంత గోదుమ యుండెను, ఎన్ని గుఱ్ఱము లుండెను, సారాయి కాచు బట్టి యుండెనా, నేఁతమగ్గ ముండెనా యనునవి యందుఁ దెలియును. ఒక క్షేత్రమున వరుసగా మూఁడు తరములవారి పట్టికలు దొరకినచో రాట్నము, మగ్గము, అవిసెనార తీయు పనిముట్లు ఏ తరమున నుండెను, ఏ తరమున లేకపోయెను, ఎప్పుడు మిల్లుబట్ట యింటికి వచ్చెను అను సంగతులు వెల్లడియగును.

కొన్నవారి పట్టిక యింకొక రహస్యమును జెప్పును. అందు మృతుని భార్య పేరు పెక్కుసార్లు కనఁబడుచుండును. పూర్వపు న్యాయమునుబట్టి వివాహితయగు స్త్రీ తెచ్చుకొన్న చరాస్తియు భర్తదిగానే యెంచఁబడెడిది. పెన్సిల్వేనియాలో వివాహితస్త్రీల యాస్తిహక్కును గుఱించిన శాసనము 1848 లో వచ్చినది. అంతకుముందు విధవ తన చేతితోఁ దోమిన పాత్రను, తన పుట్టినింటినుండి వచ్చిన పెట్టెను బొరుగువారితోఁ బోటీగాఁ బాడి కొనుక్కొనవలసిన సందర్భములు గలిగెను. ఒక పాత్రకు నెదురుగా నామె పేరును, కొన్ని నాణెముల ధరయు మాత్రమే లేఖకుఁడు వ్రాసెను. ఆ యొక్క పంక్తి గృహస్థితిని గుఱించి పెద్ద యుపన్యాసముకంటె నెక్కువగాఁ జెప్పుచున్నది.

వేలము పాడించిన యొక విప్లవనాయకుఁడు

బక్సు మండలపు వేలముల ప్రస్తావనలో జాన్ ఫ్రీసు నామమును విడువఁదగదు. ఆతఁడు మిల్ఫర్డు ప్రాంతమున నివసించిన జర్మను కుటుంబీకుఁడు. తన చిన్నకుక్కను వెంటఁబెట్టుకొని పల్లెపల్లెకుఁ దిరిగి వేలములు పాడించుట యాతని వృత్తి. అందుచే నే యింటిలో నేమున్నదో, ఎవ్వరి స్థితి యెట్లున్నదో యాతనికిఁ జక్కఁగాఁ దెలియును; ప్రజలకు నాతఁడు సుపరిచితుఁడు.

1798 లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చునను శంకచే సంయుక్త రాష్ట్ర ప్రభుత్వము ఇండ్లమీఁదను, భూములమీఁదను, బానిసలమీఁదను నొక పన్ను విధించెను. పన్నుమదింపుదారులు వచ్చి యిల్లు కొలిచి, కిటికీలను లెక్కపెట్టసాగిరి. జర్మను కర్షకులకు నిది దుస్సహమాయెను. కొందఱు స్త్రీలు కిటికీలనుండి మదింపుదారులపై వేఁడినీళ్లు గ్రుమ్మరించిరి. ప్రతిఘటించిన కొందఱిని బంధించి బెత్లెహేములోని సత్రమున నుంచఁగా, 1799 మార్చి 7 వ తేదిని ఫ్రీసు జనముతోఁ బోయి వారిని విడిపించెను. పిదప సైన్యము వచ్చినప్పు డాతఁ డొక వేలము పాడించుచుండి పాఱిపోయెననియు, బురదనేలలో దాఁగిన యాతని నా కుక్కయే పట్టియిచ్చినట్లయ్యెననియు నాతని చరిత్రమును వ్రాసినవారు చెప్పుదురు. ఫ్రీసునకు రాజద్రోహమునకై మరణదండన విధింపఁబడెను. కాని యధ్యక్షుఁడు జాన్ ఆడమ్సు 1800 లోఁ క్షమించి విడిచెను.

ఇందు విచిత్రమైన విషయ మొకటి గలదు. ఫ్రీసు ప్రతిఘటించిన యా మదింపు పట్టికలే నేఁడు ప్రాఁత యిండ్ల చరిత్రమునకు ముఖ్యాధారము లైనవి. 1798 నాఁటి పట్టికలు నిలిచియున్నచోట్ల ఇంటి పొడవు, వెడల్పు, అంతస్తులు, గోడలు రాతివో కొయ్యవో, కిటికీ లెన్ని యను వివరములు దొరకుచున్నవి. పెక్కుచోట్ల బార్నుల కొలతలును దొరకుచున్నవి. కర్షకుఁడు తన యింటి గుట్టుగా భావించి దాఁపఁజూచినదియే రెండువందల యేండ్ల తరువాత వాని వంశీయుల కేకైకసాక్ష్యముగా నిలిచినది. ఆధారమును సృష్టించినవాని యుద్దేశ మొకటి, దానిని జదువువాని ప్రయోజనము మఱియొకటి యని యిందువలనఁ దెలియుచున్నది.

మెర్సరు కనుఁగొన్న క్రొత్తత్రోవ

పెన్నీ కుప్పలలో చరిత్ర మున్నదని తొలుదొల్త గట్టిగా గ్రహించినవాఁడు హెన్రీ చాప్మన్ మెర్సరు. ఆతఁడు బక్సు మండలపు ముఖ్యపట్టణమగు డాయిల్స్టౌనులో 1856 లో జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునఁ బట్టము పొంది, న్యాయశాస్త్రము నభ్యసించియు, పురాతత్త్వమునందు మనసు నిలిపెను. 1880 లో స్థాపింపఁబడిన బక్సు మండల చరిత్రసమాజమునకు మొదటి సభ్యులలో నాతఁ డొకఁడు. 1890 తరువాతి యేండ్లలోఁ బెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలయందుఁ బురాతత్త్వశాఖాధికారిగా నుండి, మెక్సికోదేశపు యూకటాను గుహలను ద్రవ్వి, వాని వృత్తాంతమును 1896 లోఁ బ్రకటించెను. అట్లు వేలయేండ్ల వెనుకటి మానవునికై దూరదేశముల వెదకినవాఁడు, తన యూరిలో నూఱేండ్ల వెనుకటి మానవుఁడు కన్నులయెదుట మాసిపోవుచుండుట నొక దినమునఁ జూచెను.

1897 లో శీతకాలము వెడలు వేళ మెర్సరు ప్రాఁతకాలపు పొయ్యికిఁ గావలసిన పట్టకార్లు మొదలగువానికై యొక వర్తకుని తావునకుఁ బోయెను. ఆ వర్తకుఁడు పల్లె వేలములకుఁ బోయి కడపట మిగిలిన పెన్నీ కుప్పలను గొనుచుండెడివాఁడు. అచ్చట నవిసెకాడలను విఱిచి నారతీయు మ్రానులు, రాట్నములు, త్రాడు పేను యంత్రములు, తొలిచిన మ్రానితోఁ జేసిన యుప్పుపెట్టెలు, గడ్డితో నల్లిన తేనెటీఁగల గూళ్లు, పొలములోనివారిని భోజనమునకుఁ బిలుచు రేకుబూరలు నొకదానిపై నొకటి పడియుండెను. విడివిడిగా వినియున్న వస్తువుల నన్నిటిని నొక్కచోటఁ జూడఁగానే యాతని కొక యాలోచన తట్టెను. యుద్ధములును, అధికారుల నామములును జెప్పని చరిత్ర మిచ్చట నున్నది. అడవిని గొట్టి, నేల దున్ని, బట్ట నేసి, యిల్లు గట్టిన చేతుల చరిత్రమిది. ఆ వస్తువులు మఱికొన్ని యేండ్లకు వంటచెఱకగును, పాఁతయినుమగును. అది మొదలు మెర్సరు పల్లెపల్లెకుఁ దిరిగి, వేలములఁ గొని, అటకలను, బార్నులను వెదకి పనిముట్లను గూర్పసాగెను. ఆ యేఁడే వానిని బ్రదర్శించి, జాతినిర్మాత పనిముట్లు అను నర్థము వచ్చు పేరుతో వివరణపట్టికను బ్రకటించెను.

మెర్సరు వస్తువును గొనుటతోఁ దృప్తిపడలేదు. దానిని వాడిన ముసలివారిని వెదకి, దాని పే రేమి, దేని కుపయోగింతురు, ఎట్లు పట్టుదురు అని యడిగి వ్రాసికొనెను. పురాతత్త్వజ్ఞుఁడు మట్టిని ద్రవ్వునప్పుడు వస్తువు దొరకిన పొరను గుఱుతించును. వేలపు కుప్పలోఁ బొర లేదు. ముసలివాని జ్ఞాపకమే పొర. ఆతఁడు మరణించినచోఁ బనిముట్టు చేతిలో నుండియు మూగయగును. పనిముట్టునకుఁ దోడు పేరును, వాడుకయు సంగ్రహింపకున్నచో సంగ్రహము సగమే యని మెర్సరు కృషివలన స్థిరపడినది.

పెట్టెయొకటి, పలకలు కొన్ని

ఈ పద్ధతి యెంతదూరము పోఁగలదో రెండు నిదర్శనములవలనఁ దెలియును. 1897 లోనే మెర్సరున కొక మోటైన రంగులపెట్టె దొరకెను. చూచుటకది యల్పవస్తువు. అది యెవ్వరిది, ఏల నుంచిరి యని విచారింపఁగా, జర్మను పల్లెబడులలోని యుపాధ్యాయులు జన్మపత్రములను, బాలురకు మేలుబంతులను రంగురంగుల యక్షరములతోఁ జిత్రించుట కుపయోగించిన సాధనమని తేలెను. ఐరోపాఖండమున మధ్యయుగమునందు గ్రంథములను వర్ణచిత్రములతో నలంకరించిన లేఖకుల విద్య, సముద్రము దాఁటి యమెరికా పల్లెబడిలో బ్రతికియుండెనని మెర్సరు నిరూపించి యా యేఁడే యమెరికా తత్త్వశాస్త్రసమాజమున వ్యాసము చదివెను. 1834 లో రాష్ట్రమున ప్రభుత్వపాఠశాలల శాసనము వచ్చినపిమ్మట నా జర్మను బడులు క్రమముగా క్షీణించెను. వానితోఁ గూడ నా లేఖనవిద్యయు సన్నగిల్లెను. ఒక బడిపంతులు వాడిన పెట్టె పెన్నీ కుప్పలోఁ గలిసిపోయియున్నచో నీ సంబంధము తెలియుట కెంత యాలస్యమయ్యెడిదో!

రెండవది యినుపపలకల కథ. జర్మను వలసకాండ్రు పోతయినుపపలకలతోఁ గూర్చిన కుంపట్లతో గదులను వెచ్చఁజేసికొనెడివారు. ఆ పలకలపై బైబిలు కథలు, జర్మనుభాషలో వాక్యములు, కొన్నిచోట్ల సంవత్సరమును, కొలిమి యజమాని పేరును మూసలోఁ బోయఁబడి యుండెను. బక్సు మండలములోనే డర్హాము నందు 1727 లో నినుపకొలిమి స్థాపింపఁబడినది. కాలక్రమమునఁ గుంపట్ల వాడుక పోఁగా నా పలకలు పొయ్యివెనుక గోడకు, కాలువకు మూఁతగా, కాలిబాటలోఁ బఱపుగా మాఱెను. మెర్సరు వానిని క్షేత్రములలో వెదకి తిరగవేసి, లేపి, కడిగి చదివి, 1914 లో 'ఇనుములోని బైబిలు' అను నర్థము వచ్చు పేరుతో గ్రంథమును బ్రకటించెను. పాదములక్రిందఁ బడియున్న శాసనములను జదివిన తెఱఁగిది.

మేకును జదువు విద్య

1923 లో మెర్సరు ప్రాఁత యిండ్ల కాలనిర్ణయమును గుఱించి యొక వ్యాసమును జదివెను. యజమానులు చెప్పు కథలను, తలుపుమీఁది సంవత్సరమును నమ్ముకొనక, కట్టడములోని చిన్నవస్తువులను బరీక్షింపవలెనని యందలి సారాంశము. వేలమునాఁడు బార్నులోనికిఁ బోవు వివేకవంతుఁడు నేఁటికిని నా మార్గమునే యనుసరించును.

పదునెనిమిదవ శతాబ్దము తుదివఱకు మేకులను గమ్మరి యొక్కొక్కటిగా సుత్తితో సాగఁగొట్టి చేసెను. వాని తల పలుపలకలై పువ్వువలె నుండును. ఇంచుమించు 1790 ప్రాంతమున నినుపరేకునుండి యంత్రముతోఁ గత్తిరించిన మేకులు వచ్చెను. వానికిఁ దొలుత చేతితోనే తలలు గొట్టిరి. పిమ్మట నదియు యంత్రముననే జరిగెను. గుండ్రని తీఁగెమేకులు పందొమ్మిదవ శతాబ్దము కడపటి దశాబ్దములలో వ్యాపించెను. మఱమేకుల మొన 1846 కు బూర్వము మొద్దుగా నుండెను. పిదప మొనదేలినవి వచ్చెను. దూలముపై గొడ్డలిగాట్లు, బాడిసజాడలు నున్నచోఁ దీరొకటి. నిలువుగా నాడు ఱంపము బల్లపై సమాంతరమైన తిన్నని గీఁతలను విడుచును. గుండ్రని ఱంపము వంపుగీఁతలను విడుచును. ఈ రెండవది పందొమ్మిదవ శతాబ్దమున వ్యాపించినది. దూలముల కుసులు బెజ్జములఁ జేరుచోట ఉలితోఁ జెక్కిన రోమను సంఖ్యలు తఱచుగాఁ గనఁబడును. వడ్రంగి యొక్కొక్క కుసిని దానికిఁ దగిన బెజ్జమునకే కొలిచి చేసి, కలఁతపడకుండుటకు గుఱుతు పెట్టుకొనెను. ఆ సంఖ్యలు వరుస తప్పియున్నచో బార్నును విప్పి మరలఁ గట్టిరనియైనను, వేఱొక కట్టడపు కొయ్యను దెచ్చిరనియైనను శంకింపవలెను. నేఁడు కొయ్యలోని వార్షికవలయములను లెక్కించి చెట్టును గొట్టిన సంవత్సరమును నిర్ణయించు పద్ధతియు దీనికిఁ దోడ్పడుచున్నది.

జాగరూకత

ఇట్టి యాధారములను వాడుటలోఁ బొరపాటులకు నవకాశము హెచ్చు. బార్నులో నున్నంతమాత్రమున వస్తువు బార్నుదని చెప్పరాదు. వర్తకులు వేఱుచోటులఁ గొన్న సామగ్రిని దెచ్చి ప్రాఁత బార్నులో నమ్ముట నేఁటి కాలమున సామాన్యము. ప్రాఁతమేకు క్రొత్తబల్లలో నుండవచ్చును. పొదుపరియగు కర్షకుఁడు మేకును వంకర తీర్చి మరల వాడెను. కావున మేకు ఆ కట్టడము ఫలానా కాలమునకుఁ బూర్వము లేదని నిశ్చయముగాఁ జెప్పఁగలదు. తరువాత లేదని చెప్పఁజాలదు. ఒక్క సాక్ష్యమునుబట్టి కాక, మేకు, ఱంపపుగీఁత, పట్టిక, దస్తావేజు నాలుగును గలిసి పలికినప్పుడే నిర్ణయము చేయవలెను.

పట్టికలును సర్వము చెప్పవు. వెలలేని వస్తువును వెలకట్టువాఁడు వదలివేసెను. భూమి చరాస్తి కానందున దాని వృత్తాంతము పట్టికలో లేదు. మఱియు నందుఁ జెప్పఁబడినవానిలోఁ జదువుటకే మనసొప్పనివి గలవు. పదునెనిమిదవ శతాబ్దపుఁ బట్టికలలో గుఱ్ఱములకును బండ్లకును నడుమ బానిసలగు నల్లవారి పేరులు వెలతోఁగూడ వ్రాయఁబడియున్నవి. పెన్సిల్వేనియాలో బానిసత్వమును గ్రమముగాఁ దొలఁగించు శాసనము 1780 లో వచ్చెను. చక్కని రాతిబార్నును మెచ్చుకొనువాఁడు దానిలోఁ బని చేసిన చేతులలోఁ గొన్ని స్వతంత్రమైనవి కావని మఱవరాదు.

అంతకుఁ బూర్వపు చరిత్ర మే వేలములోను గనఁబడదు. ఈ నేల మొదట లెనాపే జాతివారిది. పెన్ను కుమారులు 1737 లో ఒక ప్రాఁతకాగితమును జూపి, ఒక మనుష్యుఁ డొకటిన్నర దినమున నడచునంత దూరము తమకుఁ జెందునని వాదించిరి. బక్సు మండలములోని రైట్స్టౌనునుండి ముందుగా బాట సరిచేయించి, వేగముగాఁ బోవువారిని గూలికిఁ బెట్టి, లెనాపేవారు తలంచినదానికంటె నెంతో హెచ్చు భూమిని గొలిచికొనిరి. క్షేత్రముల దస్తావేజులను వెనుకకు వెనుకకుఁ జదువుచుఁ బోవువాఁడు పెక్కుచోట్ల నిట్టి మోసముకడనే యాగవలసివచ్చును. లెనాపేవారి యిండ్లకు వెలకట్టువారు రాలేదు. వారి వస్తువులకుఁ బట్టిక వ్రాయలేదు.

ప్రదర్శనశాల

మెర్సరు తాను గూర్చినదానికై 1916 నాఁటికి డాయిల్స్టౌనులో నొక పెద్ద కట్టడమును గట్టించి చరిత్రసమాజమున కిచ్చెను. గోడలు, కప్పు, మెట్లు, కిటికీ చట్రములు నన్నియు నినుపకమ్ములు పెట్టి పోసిన కాంక్రీటుతోఁ జేయించెను. 1872 లో బోస్టను నగరమున జరిగిన మహాగ్నిప్రమాదమున నాతని తల్లి సోదరి కుటుంబమువారి ప్రాచీనాయుధముల సంగ్రహము భస్మమయ్యెను. ఆ భయ మాతని నెన్నఁడును విడువలేదు. ప్రదర్శనశాల నడుమనున్న యెత్తైన చావడిలో బండ్లు, పడవ మొదలగునవి గాలిలో వ్రేలాడుచుండును. చుట్టు గదులలో నొక్కొక వృత్తి పనిముట్లు నొక్కొకచోట నున్నవి. మెర్సరు 1930 లో మరణించెను; కట్టడము నేఁటికిని నిలిచియున్నది.

వస్తువులను వృత్తులనుబట్టి యమర్చుటవలన నొక లాభమును, నొక నష్టమును గలిగెను. బాడిసలన్నియు నొక్కచోట నుండుటచే వడ్రంగము పెరిగిన తీరు తెలియును. కాని యొక వడ్రంగి బాడిస, వాని భార్య రాట్నము, వాని కుమారుని పలక యొక్కయింట నెట్లుండెనో యిచ్చట దెలియదు. ఆ కూడిక వేలమునాఁడే విడిపోయినది. దానిని మరలఁ గూర్పవలెనన్నచో న్యాయస్థానములోని పట్టికకడకే పోవలెను. పట్టిక యందుఁ గూడిక గలదు, వస్తువు లేదు. ప్రదర్శనశాలయందు వస్తువు గలదు, కూడిక లేదు.

కావున వేలమునకుఁ బోవు చరిత్రాభిమాని చేయవలసిన మొదటి పని పాట పాడుట కాదు. వస్తువును దాని తావునుండి కదల్పకముందే యది యేగదిలో, ఏమూల, దేనిప్రక్క నుండెనో వ్రాసికొనుట. ఇంటివారిలో వృద్ధు లున్నచో దాని పేరును, వాడుకయు నడిగి తెలిసికొనుట. ప్రకటనపత్రము నొకదానిని దాఁచుట. వీనికి వ్యయము లేదు. వేలము ముగిసి బండ్లు తరలిన పిమ్మట వస్తువునకు యజమానులు పెక్కుమంది దొరకుదురు. దాని పుట్టినిల్లు చెప్పువారు దొరకరు. ఆ దినపు ప్రాతఃకాలమున మాత్ర మా రెండును నొకే కప్పుక్రింద నుండును.